మలంచాలో ఆరని బ్రేకు దీపం

ఈ ప్రయాణానికి మూలం ఒక ఫోను. గురువారం మధ్యాహ్నం పలాసలో జీడిపిక్కల బస్తాలు దింపేసి, నా సరుకు ఆటో నీడన పెట్టుకుని క్యారేజీ విప్పుతుంటే ఖరగ్‌పూర్ నుంచి మా చిన్నాన్న కూతురు హేమ చేసింది.

"అన్నియ్యా, నువ్వొచ్చి నాన్న కారు పట్టుకుపో. డబ్బులేటీ ఒద్దు. ఊరికే పట్టుకుపో."

యాభై నాలుగేళ్ళ జీవితంలో నాకు ఊరికే దొరికినవి సలహాలు మాత్రమే. కాబట్టి అనుమానించాను.

"ఏటైనాది? గుద్దేసినాడా?"

"ఇంకా లేదు. బ్రేకు మీంచి కాలు తియ్యడం మానేసినాడు. ఎనకాల ఎర్ర లైట్లు ఎప్పుడు సూసినా వెలుగుతూనే ఉంటన్నాయి. మా మలంచా పేట ఆటోవాళ్ళందరూ నాకే సెప్తన్నారు. డెబ్బై మూడేళ్ళు అన్నియ్యా. కాలు ఎక్కడున్నాదో కూడా తెలీడం లేదు. ఎవర్నో గుద్దేదాకా ఆగమంటావేటి? ఈ ఆదివారంతో ఆయన డ్రైవింగ్ బంద్."

మా చిన్నాన్న అప్పలస్వామి ఖరగ్‌పూర్‌లో గూడ్సు గార్డుగా చేసి రిటైరైనవాడు. పిన్ని పోయాక ఆయన, హేమ ఉంటారు. హేమ అక్కడే ఒక స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఆయన పాత తెల్ల కారు నేను రెండుసార్లు చూశాను, రెండుసార్లూ మెచ్చుకోలేదు. ఊరికే ఇస్తున్నారనేసరికి మాత్రం అదొక అందమైన కారుగా గుర్తుకొచ్చింది. వెళ్ళేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు కారు అని లెక్క వేసుకుని ఒకవైపు టికెట్ మాత్రమే తీశాను. నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. నా లెక్కలు ఇలాగే ఉంటాయి.

ఇదే పని మీద ఎవరైనా ఆ దారిన వెళ్ళాల్సి వస్తే పనికొస్తాయని టైములు కూడా రాస్తున్నాను.

శుక్రవారం ఉదయం ఆరూ నలభైకి పలాసలో ఎక్కాల్సిన హౌరా వైపు ఎక్స్‌ప్రెస్ ఏడూ ఐదుకు వచ్చింది. స్లీపర్. ఎదురు సీట్లో సోంపేట దగ్గరి పెద్దావిడ, ఆమె కాళ్ళ దగ్గర ఆవకాయ జాడీ. గుడ్డ కట్టి, దారం కట్టి, పైన ఇంకో గుడ్డ కట్టి, ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషిలా ఉంది ఆ జాడీ.

"ఎక్కడికి బాబూ?"

"కరగపూర్."

"పాసా?"

"కాదమ్మా, టికెట్."

ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "కరగపూర్‌కి టికెట్టు కొనుక్కుని ఎల్లేవోణ్ణి నిన్నే సూసినాను," అంది. నిజమే. ఆ దారిలో మావాళ్ళకి తాతకి రైల్వే పాసు, తండ్రికి పాసు, కొడుక్కి పాసు. టికెట్ కొన్నవాడు కుటుంబంలో ఎవడికో కానివాడు.

ఎనిమిదింబావుకి బరంపురంలో ఇడ్లీ, వడ. వడ బాగుంది, ఇడ్లీని గౌరవించి వదిలేశాను. తరవాత చిలికా సరస్సు, కుడి చేతివైపు కిటికీ ఉంటే చూడొచ్చు, నాది ఎడమ. భువనేశ్వర్ పదకొండుకు. అక్కడ గుడ్డు కూర అన్నం పొట్లం కొన్నాను. గుడ్డు ఒకటే అయినా రెండుగా కోసి రెండు మూలల పెట్టారు, చూడ్డానికి విందులా ఉంది. బాలాసోర్ రెండున్నరకు. ఆవాల నూనె వాసన కొట్టే ముఢీ, అంటే మరమరాలు, కొనుక్కుని తినడం పూర్తయ్యేసరికి బెంగాలీ మాటలు ఎక్కువై, ఒడియా మాటలు తగ్గాయి. నాలుగూ ఇరవైకి ఖరగ్‌పూర్‌లో దిగాను. నా బోగీ ప్లాట్‌ఫారానికి ఆ చివర ఆగింది. ఆ ప్లాట్‌ఫారం పొడుగు గురించి ఆ ఊరివాళ్ళు గొప్పగా చెబుతారు. నేను సంచీతో నడిచాను కాబట్టి గొప్పగా చెప్పను.

స్టేషన్ బయట టోటోలనే బ్యాటరీ రిక్షాలు వరసగా ఉంటాయి. మలంచా అంటే తోటివాళ్ళతో కలిపి ఎక్కించుకుంటారు. ముప్పావుగంట కూడా పట్టలేదు, మెయిన్ రోడ్డు మీద మిఠాయి దుకాణం పక్క సందులో దిగి నాలుగు గుమ్మాలు దాటితే చిన్నాన్న ఇల్లు.

ఆయన ఇంటి ముందు కారు బానెట్ ఎత్తి, లోపలికి వంగి స్పానరు తిప్పుతున్నాడు. నన్ను చూడకుండానే అన్నాడు.

"ఏరా సిమ్మాద్రి, నా బండి ఎత్తుకుపోడానికొచ్చినావా?"

"ఎత్తుకుపోడమేటి సిన్నాన్నా, తోలుకుపోతాను."

"సూద్దాం. అది నన్ను తప్ప ఇంకోణ్ణి ఒప్పుకోదు." బ్యాటరీ తీగె ఒకటి ఊడదీసి, దానికో గుడ్డపీలిక చుట్టి పక్కకి వంచి పెట్టాడు.

"అదేటి, బ్యాటరీ ఎందుకు విప్పుతున్నావు?"

"విప్పకపోతే పొద్దున్నకి సచ్చిపోతాది. కొత్తదేసినా అంతే. ఇంటికి రాగానే విప్పడం, బయల్దేరే ముందు తగిలించడం. డ్యూటీ దిగినాక అన్నీ ఆర్పేసి దిగాల గదా."

నా సరుకు ఆటో ఏనాడూ నాకిలాంటి సేవ పెట్టలేదు. ఏదో కరెంటు ఊరికే తాగుతోందని అప్పుడే అనుమానం రావలసింది. కానీ నేను కారు బాడీకి తుప్పు ఎంతుందో చూసే పనిలో ఉన్నాను.

రాత్రి ఎనిమిదికి భోజనం. హేమ రుయి చేప ఆవపిండి వేసి వండింది. మా శ్రీకాకుళం చెయ్యి, బెంగాలీ చేప. తినేటప్పుడు ఇద్దరూ నా ద్వారా మాట్లాడుకున్నారు.

"అన్నియ్యా, అడుగు. కాలు ఎక్కడ పెడతన్నాడో ఆయనకి తెలుస్తన్నాదా?"

"తెలీకపోతే సెప్పులెలా తొడుక్కుంటన్నానో అడగరా," అన్నాడు చిన్నాన్న.

"వారం వారం గోల్‌బజార్‌కి ఆయన కారులో ఎల్తాడు, నాను ఎనకాల స్కూటీ మీద ఎల్తాను. ఆ కారులో నాను కూకోను. ఆర్నెల్లై సూస్తన్నాను, ఒక్క నిమిషం కూడా ఆ లైటు ఆరదు. బ్రేకు తొక్కే బండి నడుపుతన్నాడు. ఇయ్యాల బ్రేకు, రేపు బ్రేకనుకుని యాక్సిలేటరు తొక్కుతాడు."

చిన్నాన్న ముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టాడు. తరవాత నాతోనే అన్నాడు.

"నాను బ్రేకు మీద కాలు పెట్టి తోలనురా. ముప్పై రెండేళ్ళు గూడ్సు బండి సివరి పెట్టిలో కూకున్నాను. ముందు ఏటున్నాదో ఒక్కనాడు సూళ్ళేదు. యాభై పెట్టెలు దాటి ఎక్కడో ఇంజను. దాటిపోయినాకే నాకు ఊరు కనబడేది. ఇప్పుడు ముందు కూకుని రోడ్డు సూసుకుంటన్నాను. అది కూడా లాగేసుకుంటారేటి?"

హేమ ఆయనకి ఇంకో చేప ముక్క వేసింది. ఆదివారం మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. కారు కాగితాలు ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి స్కూటీ సీటు కింద సిద్ధంగా ఉంచానని నాకు చెప్పింది.

శనివారం. ఏడింటికి టీ, బిస్కట్లు. హేమ ఏడున్నరకు స్కూలుకి వెళ్ళింది, ఒంటిపూట. దూరం తోలుకుపోవలసిన బండి కదా అని నేను ముందు లోపల శుభ్రం చేయడం మొదలుపెట్టాను. డ్రైవరు కాళ్ళ దగ్గర మ్యాటు మీద గోధుమరంగు పలుకులు, పొడి.

"సిన్నాన్నా, తోలుతూ బిస్కట్లు తింటన్నావా? షుగరున్నాదని హేమకి తెలుసా?"

"నాను తిన్లేదు."

"మరి బ్రేకు తిన్నాదేటి?" అని ఆ పొడిని దులిపేశాను. ఈ మాట గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు, అందుకే సగం రోజు పోయింది.

ఎనిమిదింబావుకి బ్యాటరీ తీగె తగిలించాను. తాళం చెవి నా జేబులో ఉంది. కారులో ఎవరూ లేరు. డిక్కీ తుడుద్దామని వెనక్కి వెళ్ళేసరికి రెండు ఎర్ర దీపాలూ పట్టపగలు భగ్గున వెలుగుతున్నాయి.

"సిన్నాన్నా! ఇలా రా. లైట్లు వెలుగుతున్నాయి."

ఆయన వచ్చాడు. చూశాడు. తృప్తిగా తలూపాడు.

"వెలగాల గదా. వెలక్కపోతే తప్పు."

"తప్పేటి?"

"సివరి పెట్టికి ఎర్ర దీపం లేకపోతే ఆ బండి పూర్తిగా వచ్చినట్టు కాదు. సగం పెట్టెలు ఎనకాల తెగిపోయినాయేమోనని స్టేషన్‌వోడు ఎనకొచ్చే బండికి లైను ఇవ్వడు. నాను దిగిన ప్రతిసారీ ఎనక్కెళ్ళి సూస్తాను. రోజూ వెలుగుతన్నాయి. ఒక్కనాడు తప్పలేదు."

"ఇది ఆ దీపం కాదు సిన్నాన్నా. బ్రేకు దీపం."

ఆయన నన్ను చూసిన చూపులో నా ఏడో తరగతి కనబడింది. "ఒరే, బ్రేకు దీపం నాను బ్రేకు తొక్కితే వెలుగుతాది. అప్పుడు నాను లోపలుంటాను, నాకెలా కనబడతాది? నాను దిగి ఎనక్కొచ్చి సూసినానంటే కాలు తీసేసినట్టే గదా? కాలు తీసినాక కూడా వెలుగుతన్నాదంటే అది టెయిల్ ల్యాంపే గదా?"

ఇంత చక్కగా తప్పు చేయాలంటే ముప్పై రెండేళ్ళ సర్వీసు ఉండాలి. మామూలు మనిషైతే దీపం ఆరలేదని మెకానిక్ దగ్గరికి పోతాడు. ఈయన దీపం ఆరనందుకు ఆర్నెల్లుగా సంతోషిస్తున్నాడు. ఆ దీపమే రాత్రంతా బ్యాటరీని తాగేస్తుంటే, బ్యాటరీని తిట్టి తీగె విప్పుతున్నాడు. దాంతో ఇంటి ముందు కారు ఊరికే ఉన్నప్పుడు దీపం వెలగడం హేమకి ఒక్కసారీ కనబడలేదు, బజార్లో ఆమె స్కూటీ వేరే చోట ఆపుకుంటుంది. ఆమెకి కనబడింది నడిచే కారు, వెలిగే దీపం, లోపల ముసలి తండ్రి.

"సిన్నాన్నా, నీ కాలుది తప్పు కాదు," అన్నాను.

"ఆ సంగతి నాను రాత్రే సెప్పినాను," అన్నాడు.

ఆ క్షణంలో నాకు రెండు విషయాలు తెలిశాయి. ఈ దీపం ఆర్పితే ఆయన మీద ఉన్న నింద పోతుంది. నింద పోతే నా కారు పోతుంది. గుండీలు విప్పి, చొక్కా బానెట్ మీద పడేసి, స్టీరింగు కిందికి దూరాను.

బ్రేకు దీపం ఆరకపోతే చూడవలసిన వరస ఇది. మొదట పెడల్ కింద చెయ్యి పెట్టి పైకి లాగాను. పెడల్ ఇరుక్కుంటే అలా ఆరుతుంది. ఆరలేదు. పెడల్ పైభాగాన చిన్న స్విచ్చి ఉంటుంది, దాని తీగెల గుత్తి ఊడదీశాను. దీపాలు ఆరిపోయాయి. అంటే దారిలో తీగెలేవీ కలిసిపోలేదు. దొంగ ఇక్కడే ఉన్నాడు. "స్విచ్చి పోయింది," అని ప్రకటించాను. నేను ప్రకటించే తీరు చూసి చిన్నాన్న నమ్మాడు. నేనూ నమ్మాను.

తొమ్మిదింబావుకి టోటోలో ఇందా అనే చోటికి. బస్సులు, ఆటోలు, కూరగాయలు, మనుషులు అందరూ ఒకే చోట నిలబడాలని చూసే కూడలి దగ్గర విడిభాగాల దుకాణం దొరికింది. కొత్త స్విచ్చి కొని, పదింబావుకి తిరిగొచ్చి బిగించాను. తీగె తగిలించాను.

"ఆరిందా?" అని అరిచాను లోపలి నుంచి.

"లేదు, బ్రహ్మాండంగా వెలుగుతన్నాది!" అన్నాడు చిన్నాన్న వెనక నుంచి. ఆయన గొంతులో ఇంకా కొంచెం గర్వం ఉంది.

అప్పుడు పడుకుని ఫోన్ లైటు వేసి సరిగ్గా చూశాను. ఫ్రిజ్ తలుపు సంగతి తెలుసు కదా. తలుపు మూస్తే లోపలి మీట నొక్కుకుని దీపం ఆరుతుంది. బ్రేకు కూడా అంతే. కాలు తీస్తే పెడల్ వెనక్కొచ్చి స్విచ్చి ముల్లుని నొక్కి దీపం ఆర్పాలి. ఆ నొక్కే చోట పెడల్ రేకుకి ఒక బెజ్జం, ఆ బెజ్జానికి ఒక ప్లాస్టిక్ బిళ్ళ ఉండాలి. బిళ్ళ లేదు. ముల్లు హాయిగా బెజ్జంలోంచి అవతలికి పోతోంది. దాన్ని నొక్కేవాళ్ళే లేరు. ఏళ్ళ తరబడి ఎండకి ఆ బిళ్ళ పెళుసెక్కి, పలుకులై, పొడై మ్యాటు మీద పడింది. దాన్నే నేను పొద్దున్న బిస్కట్టు అని దులిపేశాను.

"సిన్నాన్నా, నువ్వు బిస్కట్లు తిన్లేదు," అన్నాను.

"అదీ సెప్పినాను," అన్నాడు.

పదకొండుకు గోల్‌బజార్. శనివారం కాబట్టి బట్టల దుకాణాల ముందు రిక్షాలు, వాటి ముందు మనుషులు, వాళ్ళ ముందు చేపల నీళ్ళు. వచ్చిన చిక్కేమిటంటే, నాకు కావలసిన వస్తువు పేరు నాకు తెలీదు. మొదటి దుకాణంలో "బ్రేక్ ప్యాడ్" అన్నాను. చక్రాల బ్రేకు ప్యాడ్లు అట్టపెట్టెతో సహా తెచ్చి పెట్టాడు. ధర చూసి నమస్కారం పెట్టాను. రెండో చోట "పెడల్ రబ్బర్" అన్నాను. కాలి కింద ఉండే పెద్ద రబ్బరు ఇచ్చాడు. "ఛోటా, ఛోటా" అంటూ వేళ్ళు దగ్గరికి చేసి చూపిస్తే, ఇంకో చిన్న కారుకి చెందిన పెద్ద రబ్బరు ఇచ్చాడు.

మూడో దుకాణం బోర్డు మీద బెంగాలీ కింద తెలుగు ఉంది. కాకినాడ వైపు నుంచి మూడు తరాల కిందట వచ్చినవాళ్ళట. యజమాని కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని నా కథంతా విన్నాడు. దీపం, ముల్లు, బెజ్జం, బిస్కట్టు. కౌంటరు దగ్గర టీ తాగుతున్న బెంగాలీ మెకానిక్ ఒకాయన నా చేతుల విన్యాసం చూసి నవ్వాడు.

"ఓటా తో బోతామ్, దాదా! బోతామ్ భేంగే గేఛే."

"ఏమంటున్నాడండీ?"

"బొత్తాం విరిగిపోయిందంటున్నాడు," అన్నాడు యజమాని.

నేను చొక్కా చూసుకున్నాను. నిజంగానే మధ్యలో ఒకటి లేదు. పొద్దున్న చొక్కా విప్పినప్పుడు ఊడుంటుంది. "చొక్కాది కాదండీ, కారుది అడుగుతున్నాను."

"కారుదే బాబూ. ఇక్కడ మెకానిక్కులు దాన్ని బొత్తామే అంటారు. బెంగాలీలోనూ బొత్తామే, మన దాంట్లోనూ బొత్తామే. మీరు ఇంత తిరగకుండా తెలుగులో అడిగుంటే సరిపోయేది."

రేకు డబ్బా బోర్లించి, మేకులూ నట్లూ పక్కకి నెట్టి, వేలిగోరంత తెల్లటి బిళ్ళ తీశాడు. ఇరవై రూపాయలు. రెండు తీసుకున్నాను. మెకానిక్ దాదా నా చొక్కా వైపు వేలు చూపించి, "దానిక్కూడా ఒకటి పెట్టుకో" అన్నట్టు సైగ చేశాడు. ఆ ఊళ్ళో మనల్ని ఆటపట్టించడానికి భాష అడ్డం రాదు.

ఒంటిగంటకు బొత్తాం బెజ్జంలో నొక్కాను. టిక్కుమంది. వెనక నుంచి చిన్నాన్న కంగారుగా అరిచాడు.

"ఒరే! ఆరిపోనాది!"

"ఆరాలి గదా!"

"ఏటోరా. ఎనకాల సీకటిగా ఉంటే బండి మజ్జిలో తెగిపోనట్టున్నాది." నేను పెడల్ తొక్కాను. వెలిగింది. వదిలాను. ఆరింది. పదిసార్లు చేయించుకున్నాక, రాత్రిపూట దీపాల మీట తిప్పితే వెలిగే చిన్న ఎర్ర దీపాలు వేరే ఉన్నాయని చూపించాక, కొంచెం కుదుటపడ్డాడు.

ఒకటిన్నరకు హేమ వచ్చింది. నేను సంగతంతా చెప్పి, పొడైన బిళ్ళకి సాక్ష్యంగా మ్యాటు అంచున మిగిలిన రెండు పలుకులు చూపించాను. ఆమె లెక్కల టీచరు. అన్నీ విని, ఒక్క మెట్టు దగ్గర ఆగింది.

"లైటు బాగైంది, ఠీక్ హై. లైటు తప్పని తేలింది గానీ కాలు ఒప్పని తేల్లేదు గదా అన్నియ్యా? రేపు పొద్దున్న గోల్‌బజార్ దాకా తోలమను. ఎనకాలే వస్తాను. లైటు ఇప్పుడు నిజం సెప్తాది గదా, సూసి సెప్తాను."

ఒప్పుకోక తప్పలేదు. చిన్నాన్న సాయంత్రమంతా కారు అద్దాలు తుడిచాడు. బ్యాటరీ విప్పొద్దని నేను స్పానరు దాచాను.

ఆదివారం ఏడూ నలభై. కారులో చిన్నాన్న ఒక్కడే. హేమ స్కూటీ మీద నేను వెనక. బయల్దేరే ముందు ఆయన అద్దం దించి నన్ను పిలిచాడు.

"ఎనక కూకున్నోడు గార్డులాగ ఉన్నదున్నట్టు రాయాల. నా కొడుకులాంటోడివని అబద్ధం సెప్పకు."

"సెప్పను."

మలంచా రోడ్డు ఎక్కాం. సందు మలుపులో వెలిగింది, ఆరింది. ఎదురుగా బస్సు వస్తే వెలిగింది, ఆరింది. తరవాత ఖాళీ రోడ్డు మీద రెండుసార్లు ఊరికే వెలిగింది.

"సూసినావా? ఏటీ లేకపోయినా తొక్కుతన్నాడు," అంది హేమ.

అప్పటికి మూడు వంతులు నా మనసు కూడా అటే ఉంది. నిజం చెప్పాలంటే కారు స్టీరింగు నా చేతిలో ఉన్నట్టే అనిపించింది.

గోల్‌బజార్ ఇంకా కొంత దూరం ఉందనగా హేమ నాకు వినబడేలా గొంతు పెంచి, ఆయన్ని ఎలా ఒప్పించాలో, కారు ఏ దారిన తీసుకెళ్ళాలో చెబుతోంది. ఎడమ సందులోంచి బియ్యం బస్తాల సైకిల్ వ్యాన్ ఒకటి ముక్కు బయటపెట్టింది. కారు దీపాలు వెలిగాయి. నేను చూశాను. హేమ కూడా చూసింది. చూసి, మాట ఆపకుండా అలాగే పోయింది.

"హేమా! బ్రేకు!"

స్కూటీ ముందు చక్రం కారు బంపరుకి తగిలింది. పెద్ద దెబ్బ కాదు. స్కూటీ ముందు భాగం పగిలింది, నా మోకాలి చర్మం లేచింది. కారు ముందు భాగానికి, సైకిల్ వ్యాన్‌కి మధ్య రెండు మూరల ఖాళీ ఉంది. వ్యాన్ తొక్కేవాడు అదేమీ తెలియనట్టు గంట కొట్టుకుంటూ దాటాడు. టీ దుకాణంలోంచి ఎవరో "కీ హొలో, దాదు?" అని, అంటే ఏమైంది తాతా అని, అడిగారు.

"కిచ్ఛు నా," ఏమీ లేదని చెప్పి చిన్నాన్న దిగాడు. నింపాదిగా వెనక్కి నడిచి బంపరు చూశాడు, స్కూటీ చూశాడు, కూతుర్ని కింది నుంచి పైదాకా చూసి దెబ్బ తగల్లేదని రూఢి చేసుకున్నాడు. ఆ తరవాత విచారణ మొదలుపెట్టాడు.

"దీపం వెలిగిందా?"

"వెలిగింది నాన్నా."

"బండి ఆగక ముందా, ఆగినాకా?"

"ముందే."

"మరి నువ్వేటి సేసినావు?"

హేమ హెల్మెట్ తీసి చేతిలో పట్టుకుంది. స్కూల్లో పిల్లలు ఆమె ముందు ఇలాగే నిలబడతారు కాబోలు.

"ఎప్పుడూ వెలుగుతాది గదా అని... పట్టించుకోలేదు," అంది.

ఆర్నెల్లు ఆ దీపాన్ని చూసీ చూసీ, అది వెలిగితే ఏమీ లేదని ఆమె కంటికి అలవాటైపోయింది. నిజం చెప్పిన మొదటి రోజునే దాన్ని నమ్మలేదు. చిన్నాన్న నా వైపు తిరిగాడు.

"నీ రిపోర్టు?"

"బండి టైముకి ఆగింది. ఎనక బండి ఆగలేదు," అన్నాను. కారు నా చేతుల్లోంచి జారడం ఆ మాటతో పూర్తయింది.

హేమ హెల్మెట్ స్కూటీ అద్దానికి తగిలించింది. స్కూటీ సీటు ఎత్తి, ప్లాస్టిక్ కవరు తీసి, కారు కిటికీలోంచి ముందు అద్దం కింద పెట్టింది.

"కాయితాలు బండిలోనే ఉండాల. పోలీసులు అడుగుతారు," అంది.

చిన్నాన్న కవరు వంక చూసి, చూడనట్టు ఊరుకున్నాడు.

"కళ్ళ డాక్టరు దగ్గరికి మాత్రం రావాల నాన్నా. ఆ మాట మార్చను."

"వొస్తాను. ఇద్దరికీ నంబరు రాయించు."

స్కూటీని గోల్‌బజార్‌లో బాగుచేసేవాడి దగ్గర వదిలాం. చేపలు, కూరలు కొని ఇంటికి కారులోనే వెళ్ళాం. హేమ వెనక సీట్లో కూర్చుంది. స్కూటీ లేదు కదా, వేరే దారి లేదు. మొదటి రెండు మలుపుల్లో ముందు సీటు వీపు పట్టుకుంది. మూడో మలుపులో కూరల సంచీ పట్టుకుంది.

పదకొండున్నరకు భోజనం పెట్టి, ఆ కారులోనే నన్ను స్టేషన్‌కి తెచ్చారు. దారిలో పొద్దున్నటి ఖాళీ రోడ్డు వచ్చింది. చిన్నాన్న మళ్ళీ బ్రేకు తొక్కాడు, రెండుసార్లు.

"ఇక్కడేటున్నాది సిన్నాన్నా?"

"నిరుడు రోడ్డు తవ్వినారు. మెల్లిగా ఎల్లాల. రైల్వే కాషన్ ఆర్డరులాగ."

"పూడ్చేసినారు గదా."

"కాషన్ ఎత్తేసినట్టు నాకు కాయితం రాలేదు."

వెనక సీట్లోంచి హేమ నవ్వడం వినబడింది. నేను వచ్చాక అదే మొదటిసారి.

తిరుగు టికెట్ లేదు కాబట్టి వరసలో నిలబడి జనరల్ టికెట్ తీశాను. ఒంటిగంటా పది రైలు ఒకటీ ముప్పైకి వచ్చింది. జనరల్ బోగీలో సగం సీటు దొరికింది, మిగతా సగం దంతన్‌లో దిగిన ఒక కుటుంబం ఇచ్చింది. మోకాలు చాపుకోవడానికి చోటు బాలాసోర్ దాకా లేదు. ముఢీ మళ్ళీ తిన్నాను.

మొత్తం మీద ఖరగ్‌పూర్ వెళ్ళడం తేలిక, తిండి బాగుంటుంది, టోటోలకి కొదవలేదు. కారు వెనక దీపం ఆరకపోతే మాత్రం స్విచ్చి కొనకండి. ముందు మ్యాటు మీద పొడి చూడండి, తరవాత బొత్తాం అడగండి. ముసలివాళ్ళ కాలి మీద నేరం మోపేది అన్నిటికంటే ఆఖర్న.

భద్రక్ దాటాక పక్కనున్న ఇచ్ఛాపురం ఆయన పలకరించాడు. మోకాలి కట్టు చూసి ఊరుకోలేకపోయాడు.

"కరగపూర్‌లో ఏటి పని బాబూ?"

"కారు తెచ్చుకుందామని ఎళ్ళినాను."

ఆయన నా సంచీ వైపు, నేను కూర్చున్న జనరల్ సీటు వైపు చూశాడు. "మరి కారేది?"

"బాగైపోనాది."

"పాడైతే తెచ్చుకుందువా?"

"పాడయ్యే ఉన్నాదండీ, ఊరికే ఇచ్చేస్తామన్నారు. నానే బాగుచేసినాను."

ఆయన చాలాసేపు ఆలోచించాడు. ఆ తరవాత లేచి, కిటికీ పక్క తన చోటు నాకిచ్చి, తను ఈ చివరకొచ్చి కూర్చున్నాడు. ఎడమ పక్కకి వంగి తన స్నేహితుడితో గుసగుసగా అన్న మాట నాకు వినబడింది.

"పాపం, సదువు లేదు గావాల."